వాగొచ్చిన పూట ఎవరింట్లో

ఎండబెట్టిన ఇప్పపువ్వు మూటలు కట్టి అటక మీద సర్దడానికి మా కోడలు లావణ్య నిచ్చెన ఎక్కింది. పాత చాటలు, అడుగూడిన గంపలు, మా ఆయన పోయినప్పటి నుంచి ఎవరూ ముట్టని చేపల వల, ఒక్కొక్కటే కిందికి అందిస్తూ మధ్యలో ఒక కంచం నా చేతికిచ్చింది. "అత్తమ్మా, ఇది ఇత్తడా, కంచా?" అని అడిగింది. అంత నల్లబడిపోయింది. చింతపండు పెట్టి రుద్దితే గానీ కంచని తెలియలేదు. అంచు చుట్టూ సొట్టలే. "గీ సొట్టల కంచం ఎవలన్న దాసుకుంటరా, పాత సామాన్ల బండోడొస్తే ఏద్దాం" అని నవ్వింది. నేను ఇవ్వనన్నాను. ఆ సొట్టలు కిందపడితే వచ్చినవి కావు. వాగు ఒడ్డున నిలబడి కట్టెతో కొట్టి కొట్టి చేసినవి. అది నా పెళ్ళికి నాకొచ్చిన కంచం, మా వాళ్ళు పెట్టింది కాదు, వాగవతల గూడెంలోని నా చిన్ననాటి నేస్తం సోమి వాళ్ళ అవ్వ, అంటే వాళ్ళమ్మ, పెట్టింది. ఎందుకు పెట్టిందో చెప్పాలంటే బడి ముచ్చట చెప్పాలి, బడి ముచ్చట ఇప్పుడు మళ్ళీ వచ్చింది గనుకనే ఇదంతా రాయిస్తున్నాను.

నాకు రాయడం రాదు. పేరు రాస్తాను, తెలుగులో ఉంటే బస్సు బోర్డు కూడబలుక్కుంటాను. మాది మహారాష్ట్ర, మా సిరోంచ వైపు చదువంతా మరాఠీ కాబట్టి నా కొడుక్కి ఇంట్లో మాట్లాడేది తెలుగైనా రాయడం చేతకాదు. కోడలు గోదావరి అవతల పుట్టింది, తెలుగు బడిలో చదువుకుంది. నేను చెప్తుంటే ఆమె రాస్తోంది. నా మాటలు సర్ది పుస్తకం మాటలు చేస్తానంటే సరే అన్నాను, నలుగురూ అన్న మాటలు మాత్రం అన్నది అన్నట్టే ఉంచమన్నాను.

కంచం దొరికిన వారంలోనే బళ్ళను చూసే అధికారి మోటారుసైకిల్ మీద మా ఊరికి వచ్చాడు. చంద్రపూర్ వైపు మనిషి, మర్యాదస్తుడే. బడి వసారాలో కుర్చీ వేస్తే కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు. ఆయన మరాఠీలో చెప్తుంటే మా బడి పంతులు, గురూజీ అంటాం, తెలుగు చేశాడు. మా బడిలో పిల్లలు తగ్గిపోయారు, ఇంత తక్కువ మందికి బడి నడవదు, వానకాలం నుంచి ఈ పిల్లలు వేరే బడికి పోవాలి. రెండు బళ్ళున్నాయి. ఒకటి వాగవతల గూడెంలో, ఒకటి సడక్ మీది ఊళ్ళో. ఏ ఊరి హద్దులోకి మా పిల్లలు వస్తారో గ్రామసభ పెట్టుకుని ఊరే ఠరావ్, అంటే తీర్మానం, రాసివ్వాలి. ఫోన్ తీసి చూపించాడు, మా బడి నుంచి గూడెం బడికి గీత గీసినట్టు నేరుగా వస్తోంది. "మస్తు దగ్గర. ఇక్కడి నుంచి చూస్తే కనిపిస్తది" అని గురూజీ చెప్పగానే మా మరిది రాజలింగు, "కనిపిస్తది సారూ, చందమామ గూడ కనిపిస్తది, పోవుడెట్ల?" అన్నాడు. అందరూ నవ్వారు. అధికారి కూడా గురూజీ విడమర్చి చెప్పాక నవ్వాడు. మా బడి మాకే ఉంచమని పడుచు పిల్లగాళ్ళు సిరోంచ పోయి అర్జీ ఇచ్చి వచ్చారు, అది ఇచ్చిన చోటే ఉంది. మా మనవరాలు వైష్ణవి రెండో తరగతి పాసై మూడులోకి వచ్చింది. నా చదువు ఆగిపోయింది సరిగ్గా ఆ వయసులోనే.

నా చిన్నతనంలో మా ఊళ్ళో బడి లేదు. గూడెంలో ఉండేది. గోండుల ఊరది, అప్పుడూ ఇప్పుడూ. మట్టి గోడలు, గడ్డి కప్పు, లోపల పేడతో అలికిన నేల. అక్కడి పంతులు ఏ ఊరివాడో గానీ తెలుగూ గోండీ రెండూ కలిపి మాట్లాడేవాడు, మరాఠీ పుస్తకం పట్టుకుని మా భాషలో చదివించేవాడు. పొద్దున్నే మా బాపమ్మ చుట్ట వెలిగించుకుని వాకిట్లో నిలబడి గాలి వాసన చూసేది. వాగు పుట్టే గుట్టల దిక్కు నుంచి తడిమట్టి వాసన వస్తే, "ఇయ్యాల పోకుర్రి" అనేది, మేము ఊరి పిల్లలం పోయేవాళ్ళం కాదు. వాసన లేకపోతే మా అవ్వ జొన్న గటక మీద చల్ల పోసి పెట్టేది, తాగి పోయేవాళ్ళం. వడ్లు ఉడకబెట్టిన వాసన, ఉట్టి మీద ఎండు చేపల వాసన, బాపమ్మ చుట్ట పొగ, వీటన్నిటినీ జుట్టులో పెట్టుకునే వాగు దాటేదాన్ని. మా బాపు వెదురు కొట్టడానికి అడవికి పోతూ పోతూ మమ్మల్ని వాగులోని ఏనుగు బండ దాకా తెచ్చేవాడు. బండ వీపు కనిపిస్తే వాగు దాటవచ్చు, మునిగితే ఎవరి ఇంట్లో వాళ్ళుండాలి. ఇది చిన్న పిల్లకైనా తెలిసిన లెక్క.

కానీ వాగు మా కంటే తెలివైంది. పొద్దున బండ వీపు చూపించి, మేము బడిలో ఉండగా పైన గుట్టల్లో పడ్డ వాన తెచ్చి మధ్యాహ్నానికి ముంచేది. అప్పుడు మేము అవతల, ఇళ్ళు ఇవతల. దానికే ఆగుడిల్లు అని ఒకటుండేది. మా ఊరి పిల్లకు ఒక్కొక్కరికి గూడెంలో ఒక్కొక్క ఇల్లు ముందే అనుకునేవాళ్ళు. వాగొస్తే ఆ పిల్ల ఆ ఇంట్లో ఆగుతుంది, తింటుంది, పడుకుంటుంది. వాగు తగ్గే దాకా ఆ ఇంటి పిల్లే. తొలివాన పడి బడి తెరిచిన రోజు మా అవ్వ గుడ్డలో ఉప్పు మూట కట్టి నా చేతికిచ్చేది, ఆ ఉప్పు ఆగుడింటికి. అప్పట్లో గూడెంలో ఉప్పు కరువు. ఉప్పు తీసుకుంటే ఆ ఏడు పిల్ల పూచీ ఆ ఇంటిది అన్నట్టే. ఇంకే మాటా ఉండేది కాదు.

నా ఆగుడిల్లు సోమి వాళ్ళది. సోమిదీ నాదీ ఒక్క వయసే, పలక కూడా ఇద్దరికీ కలిపి ఒక్కటే. వాళ్ళింట్లో పొయ్యి ఇంటి నడుమ ఉండేది. పొయ్యి చుట్టూ పడుకునేవాళ్ళం. పొయ్యికి దగ్గర చోటు ఎప్పుడూ నాకే ఇచ్చేవాళ్ళు. పైన దూలానికి వేలాడదీసిన మక్కకంకులు, పొగకు నల్లబడ్డ సొరకాయ బుర్రలు, ఓ మూల ఇప్పపువ్వు గుమ్మి, ఆ తీపి మగ్గు వాసన ఇల్లంతా ఉండేది. వాళ్ళ అవ్వ వెదురు మొలకల కూర వండేది. పుల్లగా, కొంచెం చేదుగా ఉండే ఆ కూర ఇంకెక్కడా నేను అట్లా తినలేదు. అన్నం కంచు కంచంలో పెట్టేది. ఇంట్లో ఉన్న కంచు కంచం అదొక్కటే. నేను తిన్నాక ఆమె కంచం కడిగి, ఇంత కట్టెపుల్ల పట్టుకుని ఒడ్డుకు పోయేది, మేము వెనకాల. ఏనుగు బండకు ఎదురుగా నిలబడి కంచం అంచు మీద కొట్టేది. వాగు హోరులో మనిషి గొంతు దాటదు, కంచు మోత దాటుతుంది. ఇవతల ఒడ్డున మా అవ్వ చీకటి పడకముందే వచ్చి నిలబడి ఉండేది. మోత వింటే, పిల్ల తిన్నది, పొయ్యి పక్కన ఉంది అని అర్థం. వినేదాకా కదిలేది కాదట, విన్నాక ఒక్క క్షణం కూడా నిలిచేది కాదట, ఇంట్లో పని అట్లా ఉండేది మరి.

తర్వాత సడక్ పడింది. సడక్ పక్క ఊళ్ళో కొత్త బడి కట్టారు, పెంకుల కప్పు, నల్ల బల్ల, బెంచీలు. ఎవరో పెద్దసారు వచ్చి మా ఊరి పిల్లలు ఇక నుంచి సడక్ బడి పిల్లలని చెప్పి పోయాడు. వాగు దాటే బాధ తప్పింది కదా అని మా ఊళ్ళో సంతోషమే. నడక దూరమే గానీ నీళ్ళు లేవు. నేను కొత్త రవిక వేసుకుని పోయాను. బడి బాగానే ఉంది. ఒక రోజు సాయంత్రం బడి విడిచేసరికి ముసురు పట్టింది. అడవి దారి నిండా నీళ్ళు, పిడుగులు. మగపిల్లలు తడుస్తూ ఉరికారు. మేము ఆడపిల్లలం ముగ్గురం బడి వసారాలో ఒదిగి కూర్చున్నాం. పంతులు తలుపుకు తాళం వేసుకుని పోయాడు. ఎదురుగా అన్నీ ఇళ్ళే. ఒక ఇంట్లో చేపలు వేయిస్తున్న వాసన. గొడుగు పట్టుకుని మనుషులు మా ముందు నుంచే పోయారు, చూశారు, పోయారు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను ఇప్పటికీ అనను. ఎవరి పిల్లలో, ఎవరో ఒకరు వస్తారనుకుని ఉంటారు. మా ఉప్పు ఆ ఊళ్ళో ఎవరింటికీ పోలేదు. మసక పడే వేళకు బాపు గోనెసంచి కప్పుకుని వచ్చాడు. మమ్మల్ని చూసి ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికొచ్చాక అవ్వతో, "ఆడపోరగాండ్లకు సదువు సాలు" అన్నాడు. అంతే. పలక అటక ఎక్కింది. నేను మేకల వెంట పోయాను. ఆ తర్వాత మా మేనత్త కొడుకునే నాకు చేశారు, ఊరు కూడా మారలేదు. పెళ్ళికి సోమి వాళ్ళ అవ్వ వాగు దాటి వచ్చి ఈ కంచం నా ఒళ్ళో పెట్టింది. "గిది నీదే బిడ్డా, గీ కంచంలనే తిన్నవు" అంది.

గ్రామసభ బడి వసారాలోనే పెట్టారు. మధ్యాహ్నం ఎండలో కూడా మనుషులు బాగానే వచ్చారు. మాట మొదలైంది పిల్లల మీదనే గానీ ఎక్కువసేపు అక్కడ ఉండలేదు. రాజలింగు లేచి, "మొదాలు రేషన్ దుకాణం సడకూరికి పాయె. అటెన్క వడ్లు కొనేటి జాగ పాయె. పోయింది ఒక్కటన్న మల్లొచ్చిందా? ఇప్పుడు బడి గూడెం కింద రాసిస్తే ఎండకాలం తునికాకు కల్లం గూడ గూడెంకే పోతది. మన ఆకు మోసుకపోయి ఆళ్ళ ఊర్లె పొయ్యాల్నా?" అన్నాడు. ఇగ చూడాలి. ఏ వాగు మలుపు దాకా మా బీడీ ఆకు, ఏ గుట్ట దాకా వాళ్ళది, ఫలానా ఇప్పచెట్టు కింద ఎవరు ఊడ్చారు, ఎవరు ఏరారు, అన్నీ లేచాయి. మా ముసలోళ్ళు చచ్చిపోయిన వాళ్ళ పేర్లు కూడా తెచ్చి పోట్లాడారు. అధికారి గురూజీ చెవిలో ఏదో అడిగాడు. గురూజీ లేచి, "సార్ అడుగుతున్నడు, చెట్ల ముచ్చట ఎవలు తీసిండ్రని. ఇది పోరగాండ్ల హద్దు, ఆకు హద్దు గాదు. ఆకు కొనేటి కల్లం ఎక్కడున్నది అక్కడనే ఉంటది" అన్నాడు. నమ్మినవాళ్ళు నమ్మారు, నమ్మనివాళ్ళు నమ్మలేదు. మమ్మల్ని తప్పు పట్టడానికి లేదు, మా వైపు ఒక్కటి పోతే దాని వెనక ఇంకొకటి పోవడమే చూశాం.

ఆ తర్వాత రెండు పక్షాలయ్యాయి. సడకూరు అన్నవాళ్ళు ఎక్కువ. ఆటో పెడతామన్నారు, సడక్ ఉంది, అక్కడ ఇంగ్లీషు కూడా చెప్తారట. గూడెం అన్నవాళ్ళు తక్కువ, అది కూడా గట్టిగా అనడం లేదు. గూడెం పిల్లలతో కూర్చోబెట్టడం ఇష్టం లేని వాళ్ళు వాగు పేరు చెప్పి వద్దంటున్నారు, ఆ సంగతి అందరికీ తెలుసు. నేను ఆడవాళ్ళ వెనక వరుసలో కూర్చుని ఉన్నాను. నా గొంతు మొదటి నుంచీ మొద్దే, కాకి గొంతని మా ఆయన అనేవాడు. ఆ గొంతుతోనే లేచి అడిగాను. "సారూ, నాకు ఒక్కటే చెప్పుర్రి. వానస్తది, ఆటో రాదు. మా పిల్ల సడకూర్ల ఎవలింట్ల ఉంటది?"

రాజలింగు అందుకున్నాడు. "అగో, వదినె బడికాడ గూడ సుట్టరికం జూస్తున్నది. పిల్లనిచ్చుడా, తెచ్చుకునుడా?"

నవ్వులు. నేను కూర్చోలేదు. "నవ్వు మరిదీ. నీ మనుమడు మొగపోరడు, తడుసుకుంట ఉరికొస్తడు. నేను వసారల కూసున్నదాన్ని. ఎవలింట్ల ఉంటది, ఇంటి పేరు చెప్పు, గప్పుడు కూసుంట."

గురూజీ మరాఠీలో చెప్పాడు. అధికారి నా వైపు తిరిగాడు. "ఆజీ, అది మా కాగితంలో లేదు. అది ఊర్లు ఊర్లు మాట్లాడుకోవాలె" అన్నాడు తనకొచ్చిన తెలుగులో, బాపమ్మను పిలిచినట్టు. ఠరావ్ రాయకుండానే ఆ రోజు సభ లేచిపోయింది.

మర్నాడు నేనూ కోడలూ గూడెం పోయాం. ఎండాకాలం వాగంటే ఇసుకే, చెప్పుల్లోకి కాలిన ఇసుక వస్తుంటే నడిచాం. సోమి ఇంటి ముందర పందిరి కింద కూర్చుని ఇప్పపువ్వులో పుల్లలు ఏరుతోంది. ఇల్లు ఇప్పుడు సిమెంటుది, కప్పు మీద టీవీ గొడుగు, లోపల గ్యాస్ పొయ్యి. వాసన మాత్రం అదే. పెళ్ళిళ్ళలో, చావుల్లో కలుస్తూనే ఉంటాం గానీ ఇట్లా పనిగట్టుకుని ఇంటికి వచ్చి ఎన్నాళ్ళైందో నాకే గుర్తు లేదు.

"తొవ్వ తప్పినవా ఏంది లస్మీ?" అంది.

"తొవ్వ తప్పితె నీ ఇల్లే దొరుకుతదా? సక్కగ నీ కాడికే అచ్చిన."

"అయితె పనిమీదొచ్చినవ్. ఉత్తగ నువ్వు రావు." పుల్లలు ఏరడం ఆపలేదు. కోడలికి మంచినీళ్ళు ఇప్పించింది. నేను బడి సంగతంతా చెప్పాను, మనవరాలి సంగతి చెప్పాను. కొంగు కింది నుంచి కంచం తీసి చూపించాను. అది చూసి సోమి చేతులు ఆగాయి. అంచు మీది సొట్టలన్నీ వేలితో తడిమింది. వాళ్ళ అవ్వ పేరు గొణుక్కుంది.

"నా మనుమరాలికి ఆగుడిల్లు కావాలె సోమీ. నీ ఇల్లే కావాలె."

సోమి నా మొహం చూడకుండా, చాట వైపు చూస్తూ చెప్పింది. "మా అవ్వ నీకు పొయ్యికాడ జాగ ఇచ్చె. కంచంల బువ్వ పెట్టె. అంగడికచ్చి వాగుకు చిక్కినప్పుడు మేము మీ ఇంట్ల ఆగినం. మీ అవ్వ మాకు యాడ జాగ ఇచ్చింది, యాదున్నదా?"

"బయట పంచల" అన్నాను.

"పంచల. సంచి పరిచింది. సెడ్డది గాదు మీ అవ్వ, బువ్వ బాగనే పెట్టింది, సాపల కూర గూడ ఏసింది. కని ఆకుల ఏసింది. ఆకును కొడితె మోతస్తదా లస్మీ? మా అవ్వ గీ ఒడ్డుకు నిలబడేది. మేము తిన్నమో లేదో అని. గంతసేపు నిలబడి నిలబడి, ఏం ఇనరాక ఇంటికొచ్చేది."

నాకు తెలియని సంగతి అది. మా అవ్వ అవతలి మోత కోసం ఎదురుచూడటం నాకు తెలుసు. ఆ ఒడ్డున కూడా ఒక తల్లి అట్లాగే నిలబడి ఉండేదని, ఆమెకు ఏమీ వినిపించేది కాదని, ఇంత వయసొచ్చినా ఎన్నడూ అనుకోలేదు. మా ఇళ్ళలో అప్పుడు అదే పద్ధతి, గూడెం వాళ్ళకు ఆకులోనే పెట్టాలి, తిన్న ఆకు వాళ్ళే తీసి పారేయాలి. ఎవరూ దాన్ని పద్ధతి అని కూడా అనేవాళ్ళు కాదు. కోడలు నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"నీ మనుమరాలు నా ఇంట్ల ఉంటది" అంది సోమి. "ఉప్పు గూడ అక్కరలేదు, దుకాన్ల దొరుకుతది. కని మా పెద్ద ఇస్కూల్ పోరిలు మీ ఊరి మీదికెల్లే సడకూరికి పోయొస్తరు. వాగొస్తే మీ ఒడ్డుకు చిక్కుతరు. మీ బడి వసారల కూసుంటరు, సూస్తలేవా నువ్వు?"

చూస్తూనే ఉన్నాను. యూనిఫాం వేసుకున్న పిల్లలు, సంచులు తల మీద పెట్టుకుని, మా వసారాలో. వాళ్ళ వాళ్ళు వస్తారులే అనుకునేదాన్ని.

"ఆళ్ళకు మీ ఇండ్లల్ల జాగ కావాలె. పంచల గాదు, పొయ్యికాడ. ఆకుల గాదు. మీ ఊరంత ఒప్పుకుంటెనే మా ఊరు ఒప్పుకుంటది. నేను చెప్త మా వాళ్ళకు. నువ్వు మీ వాళ్ళకు చెప్పు. నాకన్న నీ పనే కష్టం" అని మొదటిసారి నవ్వింది.

నిజంగానే కష్టమైంది. ఇల్లిల్లూ తిరిగాను. కొన్ని ఇళ్ళలో, అయ్యో దానికేముంది అన్నారు. కొన్ని ఇళ్ళలో టీ ఇచ్చి మాట మార్చారు. ఒక ఇంట్లో దేవుని గూడు వంటింట్లోనే ఉందన్నారు. ఇప్పుడు ఎవరూ ఆకులో పెట్టడం లేదు గానీ, వంటింటి గడప దగ్గరికి వచ్చేసరికి పాత కాలం లేచి నిలబడుతుంది. మళ్ళీ సభ పెట్టిన రోజు రాజలింగు అందరి ముందే, "మా ఇంట్ల కుదరదు. ఆళ్ళను ఇంట్ల ఉండనిచ్చెటట్లయితె సడకూరే మంచిగ" అన్నాడు. వాడి భార్య సత్తక్క నా పక్కనే కూర్చుని ఉంది. ఎన్నడూ సభలో నోరు విప్పని మనిషి.

"నువ్వెప్పుడన్న పొయ్యికాడ కూసున్నవా?" అంది మొగుణ్ణి. "కట్టె నేను తెస్తి, మంట నేను పెడితి, బువ్వ నేను వండితి. పొయ్యి నాది. పోరిలు ఉంటరు. నీకు కుదరకుంటె పంచల పండుకో, సంచి పరుస్త."

ఆ నవ్వులు వాగవతలికి కూడా వినిపించి ఉంటాయి. రాజలింగు తల గోక్కుంటూ, "ఇగ రాసుకోర్రి, నన్ను పంచల ఏసిండ్రు" అన్నాడు. గురూజీ ఠరావ్ రాశాడు. గూడెం బడి. గుట్టల మీద మబ్బుంటే పిల్లల్ని పంపకూడదు, ఏనుగు బండ మునిగితే ఏ పెద్దమనిషి చెప్పినా దాటించకూడదు, వంతెన కట్టాలి, ఇవి కూడా రాయించాం. వంతెన ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు. అందరూ ఒప్పుకున్నారని నేను చెప్పను. రెండు మూడు ఇళ్ళ వాళ్ళు తమ పిల్లల్ని సడకూరికే వేశారు, ఆటోలో పోతున్నారు, వాళ్ళిష్టం. ఆగుడిళ్ళ మాట మాత్రం కాగితంలో రాయలేదు. అది నోటి మాటే. బడి తెరిచిన రోజు వైష్ణవి చేతికి ఉప్పు పొట్లం ఇచ్చి పంపాను. సోమి దాన్ని ఇంటి గూట్లో పెట్టుకుందట, వాడకుండా.

శ్రావణం ఇంకా రాలేదు, ఒక మధ్యాహ్నం వాగొచ్చింది. పొద్దున మబ్బు లేదు, నేనే గాలి వాసన చూసి పంపాను. మా మీద ఒక్క చినుకు పడలేదు, పైనెక్కడో కుంభవృష్టి పడ్డట్టుంది, ఎర్రనీళ్ళు చెట్లు కొమ్మలు మోసుకుంటూ వచ్చాయి. ఏనుగు బండ చూస్తుండగానే పోయింది. కరెంటు పోయింది, టవర్ పోయింది, కోడలు ఫోన్ పట్టుకుని ఇటూ అటూ తిరుగుతోంది, ఒక్క గీత కూడా రావడం లేదు. తను గోదావరి పక్కన పుట్టిందే గానీ టౌను పిల్ల, నీళ్ళను వంతెన మీద నుంచే చూసింది. "మీ పాత ముచ్చట్లు ఇని పిల్లను పంపిన" అని నా మీద పడింది. ఈ మాట కూడా రాయమన్నాను, రాసింది. పాత పద్ధతి పాతదే, ఇప్పుడు అది నడుస్తుందో లేదో నాకు మాత్రం ఏం తెలుసు? సోమి ముసలిది. వాళ్ళ ఇంటి వాళ్ళు పొలంలో ఉన్నారో ఎక్కడున్నారో.

సాయంత్రం సడకూరు నుంచి పెద్ద బడి పిల్లలు వచ్చారు. గూడెం పిల్లలు ఇద్దరు మా వాకిట్లో ఆగారు, ఒకతి సోమి మనవరాలు కమల. బడి వసారా వైపు పోబోతుంటే, "యాడికి పోతున్నరు? లోపటికి రార్రి" అని అరిచాను. రెండో పిల్లను సత్తక్క వచ్చి చెయ్యి పట్టి తీసుకుపోయింది. కమల వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. నేను పీట వేశాను పొయ్యి పక్కన. మా ఇంట్లో గ్యాస్ ఉన్నా వానకాలం కట్టెల పొయ్యి వెలిగిస్తాం, తడి బట్టలు ఆరడానికి. కోడలు కన్నీళ్ళు తుడుచుకుంటూనే అన్నం పెట్టింది, తోమి ఉన్న కంచు కంచంలో, చెప్పకుండానే. పిల్ల ఆకలి మీద ఉంది, తల ఎత్తకుండా తింది.

ఇంకా వెలుగుండగానే ముగ్గురం ఒడ్డుకు పోయాం. నీళ్ళ హోరు తప్ప ఏమీ లేదు. అవతల చెట్లు మసకగా ఉన్నాయి, మనుషులెవరూ కనిపించలేదు. కోడలు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉంది. నేను రాయి మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఏదో వినిపించింది. కంచు కాదు, స్టీలు పళ్ళెం, పలచగా, తకతకమని, తాళం తెలియని చెయ్యి కొడుతున్నట్టు. మధ్యలో ఆగి మళ్ళీ మొదలైంది. కొడుతున్నది మా వైష్ణవే అని ఆ తప్పుతాళం బట్టే నాకు తెలిసిపోయింది. కోడలు తడి ఇసుకలోనే కూలబడింది.

నేను కంచం, కట్టెపుల్ల కమల చేతిలో పెట్టాను.

"నేను కొట్టుడా? సిగ్గయితది పెద్దవ్వా" అంది పిల్ల.

"కొట్టు. నిండ తిన్నవు గద, గట్టిగ కొట్టు."

నా ఒడ్డున ఆ మోత వినడం నాకు అదే మొదలు. నీళ్ళ మీదుగా పోతూ ఉంటే, ఎంత దూరమైనా పోయేట్టు ఉంది. కమల మూడో దెబ్బో నాలుగో దెబ్బో వేసేసరికి అవతల స్టీలు పళ్ళెం ఆగిపోయింది. సోమి వాళ్ళు చెవులు రిక్కించి వింటున్నారు.